మినియాపొలిస్ చలిలో సైకిల్ మానకుండా ఉండాలంటే? హరిదాసు పందెం కట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి అమెరికాలోని మినియాపొలిస్ వచ్చి ఏడాదైంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆఫీసుకి రోజూ సైకిల్ మీదే వెళ్ళారు. నవంబరులో మొదటి మంచు పడగానే సైకిల్ బాల్కనీలోకి చేరింది. ఇంట్లో తొక్కుకోవడానికి ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా బిగించే స్టాండ్) కొన్నారు, నాలుగో రోజుకే గోడ చూస్తూ తొక్కడం విసుగొచ్చింది. "చలికాలమంతా బయట తొక్కేవాళ్ళకి ఆ మోటివేషన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ట్రైనర్ అమ్మేయమంటారా?" అని అడిగారు.

ఉన్నమాట చెప్తాను. మోటివేషన్ ఎక్కణ్ణుంచీ రాదు. ఇక్కడ నాకిది పన్నెండో చలికాలం. ఇన్నేళ్ళలో ఒక్క పొద్దున కూడా "ఆహా, మైనస్ పదిహేను, పద తొక్కుదాం" అని లేవలేదు. వెళ్ళడానికి ఒక గడప ఉండాలి, వెళ్ళొచ్చినట్టు ఒక లెక్క ఉండాలి. ఈ రెండూ ఉంటే కాళ్ళు వాటంతటవే కదులుతాయి. ఆరోగ్యం, బరువు, కేలరీలు అనే కారణాలు జులైలో పనిచేస్తాయి గానీ జనవరిలో రజాయి ముందు అవి నిలబడవు. అందుకని ఒక పిచ్చి ఆట పెట్టుకోండి. నేను ఆడే ఆటకి మా స్నేహితులు పెట్టిన పేరు "హరిదాసు పందెం". అదేమిటో చెప్తాను, దాంతోపాటు కింద పడకుండా, వేళ్ళు పోగొట్టుకోకుండా ఆడటానికి ఏం కావాలో కూడా చెప్తాను.

నా గురించి రెండు ముక్కలు. పొన్నూరు దగ్గర పల్లెటూరిదాన్ని, వయసు 47. పెళ్ళయ్యేదాకా మంచు అంటే నాకు డిసెంబరు పొద్దున వరిచేల మీద తేలే పొగమంచే. ఇక్కడికొచ్చిన రెండో ఏడు నుంచి చలికాలంలో తొక్కుతున్నాను. శనివారాలు ఒక సైకిల్ షాపులో వాలంటీరుగా రిపేర్లు చేస్తుంటాను. అక్టోబరులో హుషారుగా టైర్లు మార్పించుకెళ్ళినవాళ్ళు జనవరికల్లా ఎందుకు మానేస్తారో అక్కడ కళ్ళారా చూశాను. చలివల్ల మానేసేవాళ్ళు తక్కువ. తొక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకి ఒంట్లో వేడి పుడుతుంది, చలి సంగతే మర్చిపోతాం. కష్టమంతా దానికి ముందు పావుగంటలో ఉంది. రెండు ప్యాంట్లు, మూడు పొరల చొక్కాలు, రెండు జతల మేజోళ్ళు, మెడకి గొట్టంలాంటి గుడ్డ, తలకి టోపీ, దానిమీద హెల్మెట్, చేతులకి గ్లవ్స్. అన్నీ అయ్యాక సైకిల్ తాళంచెవి లోపలి చొక్కా జేబులో ఉండిపోయిందని గుర్తొస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది కారు తాళంచెవి అందుకుంటారు.

కాబట్టి ఆట ఏదైనా సరే, ఆ పావుగంటని దాటించేదిగా ఉండాలి.

మొదట్లో నేనూ తప్పు ఆటే ఆడాను. వరసగా వంద రోజులు, ఒక్కరోజు కూడా మానకుండా తొక్కాలని పంతం పట్టాను. ఫ్రిజ్ మీద క్యాలెండరు, రోజూ ఎర్ర పెన్నుతో ఒక టిక్కు. పంతొమ్మిదో రోజున ఫ్లూ వచ్చి పడుకున్నాను. ఇరవయ్యో రోజు గడి ఖాళీ. ఇరవై ఒకటో రోజుకి జ్వరం తగ్గింది గానీ "ఎలాగూ తెగిపోయిందిగా" అనిపించింది. మళ్ళీ సైకిల్ ముట్టుకున్నది మార్చిలోనే. వరస తెగితే ఓడిపోయే ఆట చలికాలానికి పనికిరాదు. ఇక్కడ వరస తెగడం ఖాయం. జ్వరం రావచ్చు, తుఫాను రావచ్చు, పిల్లల బడికి సెలవివ్వచ్చు. ముప్ఫై రోజుల్లో పన్నెండు సార్లు అంటే పద్ధెనిమిది రోజులు బద్ధకానికి వదిలిపెట్టినట్టే. అలా సందు ఉన్న ఆటే నిలుస్తుంది.

ఆ తర్వాత ఒక స్నేహితురాలు కాఫీన్యూరింగ్ గురించి చెప్పింది. అది 2011లో వాషింగ్టన్ డీసీలో మొదలైన సరదా. పెద్దపెద్ద దూరాలు తొక్కే రాండన్యూరింగ్‌ని ఆటపట్టిస్తూ పెట్టిన పేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఏడు వారాల వ్యవధిలో ఏడు వేర్వేరు కాఫీ కొట్లకి సైకిల్ మీద వెళ్ళి ఏదో ఒకటి తాగి రావాలి. రానూపోనూ రెండు మైళ్ళుంటే చాలు, అంటే సుమారు మూడు కిలోమీటర్లు. వారానికి రెండుకి మించి లెక్కలోకి రావు. ఎక్కడ తాగారు, ఏం తాగారు అని రాసుకోవాలి. అంతే. మూడు కిలోమీటర్లంటే నవ్వొచ్చింది గానీ ఏడూ పూర్తిచేశాను. అప్పుడర్థమైంది, దూరం తక్కువ పెట్టడంలోనే కిటుకంతా ఉందని. "మూడు కిలోమీటర్లేగా" అని బయల్దేరతాం, బయల్దేరాక ఎనిమిది తొక్కుతాం. పరమ బద్ధకం రోజున మూడే తొక్కి వచ్చేస్తాం, అయినా లెక్కలో పడుతుంది. మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ దారి పక్కనే ఉన్న గ్లోబల్ మార్కెట్ నాకప్పుడు పరిచయమైంది. గ్లవ్స్ తీసి వేడి కప్పు చుట్టూ చేతులు పెట్టుకున్న ఆ క్షణం కోసమైనా వెళ్ళొచ్చు.

కానీ దాంతో నాకో ఇబ్బంది ఉండేది. అది నవంబరుతో అయిపోతుంది. మినియాపొలిస్‌లో అసలు చలి మొదలయ్యేదే అప్పుడు. డిసెంబరు మూడో వారంలో పొద్దు నాలుగున్నరకే కుంకుతుంది, పొద్దున ఏడూ నలభై అయిదు దాటితే గానీ సూర్యుడు కనపడడు. ఆట కావలసిందల్లా ఆ నెలరోజులకే.

ఆ నెలకి మనకి ముందే ఒక పేరుంది కదా. ధనుర్మాసం. చిన్నప్పుడు మా ఊళ్ళో పొగమంచులోంచి ముందు చిడతల చప్పుడు, తర్వాత "హరిలో రంగ హరి" అన్న పాట, ఆ తర్వాత నెత్తిన అక్షయపాత్రతో హరిదాసు వచ్చేవాడు. మా నాయనమ్మ నా దోసిట్లో బియ్యం పోసి పంపేది. ఆయన మోకాలు వంచి కూర్చుంటే పాత్రలో పోసేదాన్ని. ఇంటికి చేరేదాకా ఆ పాత్ర కింద పెట్టడట. అంత చలిలో, చెప్పుల్లేని కాళ్ళతో, ఊరంతా తిరిగే మనిషికి మోటివేషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందని మాకెవరికీ అడగాలని తోచలేదు. గడప తర్వాత గడప ఉండేది, వెళ్ళేవాడు.

అలా పుట్టింది మా పందెం. నియమాలు ఇవీ, అక్షరాలా మా వాట్సాప్ గ్రూపులో ఉన్నవే:

డిసెంబరు 16 నుంచి జనవరి 14 లోపు పన్నెండు గడపలు. ఒక ఇల్లు ఒక్కసారే లెక్క. రోజుకి రెండిళ్ళకి మించి లెక్కకి రావు, లేకపోతే ఆఖరి ఆదివారం అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఒక్కటీ చుట్టేసి పన్నెండూ అయ్యాయంటారు. (అన్నారు కూడా. అందుకే ఈ నియమం.)

రానూపోనూ కనీసం మూడు కిలోమీటర్లు. పైకి హద్దు లేదు. మంచు ఎక్కువై సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళినా లెక్కే. సగం దూరం బస్సులోనో రైల్లోనో వెళ్ళినా లెక్కే. ఇక్కడి మెట్రో ట్రాన్సిట్ బస్సుల ముందు సైకిల్ పెట్టే స్టాండ్ ఉంటుంది, రైల్లోకి సైకిల్ తీసుకెళ్ళొచ్చు. బ్లూమింగ్టన్ వైపు ఇళ్ళకి నేను బ్లూ లైన్ ఎక్కే వెళ్తాను.

ప్రతి గడప దగ్గరా ఒక గుప్పెడు బియ్యం. ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చేత్తోనే వెయ్యించాలి. పాట పాడమంటే పాడాలి.

గాలితో కలిపి చలి మైనస్ 25 సెల్సియస్ కంటే దిగితే ఆ రోజు తొక్కింది లెక్కలోకి రాదు. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన నియమం. తెలివితక్కువ సాహసానికి మార్కులు పడితే మనవాళ్ళు తప్పకుండా చేస్తారు.

పన్నెండు పూర్తి చెయ్యనివాళ్ళు సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర నిలబడాలి. పాకం చెడితే ఏడాదంతా మాట పడాల్సి ఉంటుంది. ఇంతకన్నా పెద్ద శిక్ష మాకు తోచలేదు.

పోగైన బియ్యంతో భోగి మర్నాడు పరమాన్నం వండుతాం.

ఈ ఆట ఎందుకు పనిచేస్తుందో ఒక రోజు చెప్తే తెలుస్తుంది. పందెం పెట్టుకున్న మూడో ఏడు, డిసెంబరు ఆఖరి వారం. నోకోమిస్ చెరువు దగ్గరుండే రాజమండ్రి అక్క వాళ్ళింటికి వస్తానని ముందురోజే మెసేజ్ పెట్టాను. పొద్దున లేచి చూస్తే మైనస్ 18. వెళ్ళాలని లేదు. సరిగ్గా అప్పుడు వాళ్ళ అయిదేళ్ళ పిల్ల వాయిస్ మెసేజ్ పంపింది: "ఆంటీ, నేను బియ్యం పట్టుకుని కిటికీ దగ్గర నుంచున్నాను." ఇంకేం చేస్తాం? అమ్మ ఇచ్చిన రాగి చెంబుకి గుడ్డ వాసెన కట్టి ముందు బుట్టలో పెట్టి, తాడు బిగించి బయల్దేరాను. దారిలో మంచు తీసేసిన పొడి తారు మీదికి ఎక్కినప్పుడల్లా మేకుల టైర్లు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మోగేవి. గట్టిపడిన మంచు మీదికి రాగానే ఆ చప్పుడు ఆగిపోయి, కింద నలిగే కిరకిర ఒకటే మిగిలేది. వాళ్ళింటి ముందు గ్లవ్ తీసి చెంబు ముట్టుకుంటే ఒట్టి చేతికి చురుక్కుమని అంటుకుంది (ఆ చలిలో లోహాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, నేను మర్చిపోయాను). పిల్ల గుప్పెట్లో బియ్యం చెమటకి తడిసి అరచేతికి అంటుకుపోయాయి. ఎంతసేపట్నుంచి పట్టుకుందో పాపం. ఒక్కో గింజా విదిలించి మరీ వేసింది.

ఇంట్లో ట్రైనర్ మీద అయితే నా కోసం కిటికీ దగ్గర ఎవరు నుంచుంటారు? అందుకే మీకు చెప్పేది, మీరు ఏ ఆట పెట్టుకున్నా అవతలి చివర ఒక మనిషిని పెట్టుకోండి, ముందురోజే చెప్పి ఉంచండి. మనకి మనం ఇచ్చుకున్న మాట సులువుగా తప్పుతాం. ఇంకొకరికి చెప్పాక మొహమాటం పడతాం. మన మొహమాటం అంతా ఇంతా కాదు కదా, దాన్ని ఈ పనికైనా వాడుకుందాం.

మీకిక్కడ పన్నెండు తెలుగిళ్ళు తెలియకపోవచ్చు. అవసరం లేదు. మా గ్రూపులో ఒకబ్బాయి పన్నెండు లైబ్రరీలు తిరిగాడు, గుప్పెడు బియ్యానికి బదులు ఒక్కో చోట ఒక్కో పుస్తకం తెచ్చుకున్నాడు. ఇంకొకామె ఇంటి పనులే లెక్కేసుకుంది: పోస్టాఫీసు, పాలు, మందులు. అయితే గడపకి గడప తేడా ఉండాలి. రోజూ వెళ్ళే ఆఫీసు దారినే ఆటగా పెట్టుకున్నవాళ్ళు రెండు వారాల్లో మానేశారు.

ఇక పనిముట్ల సంగతి. ఆట ఎంత బాగున్నా ఒకసారి ఘోరంగా పడితే ఎవరూ మళ్ళీ సైకిలెక్కరు.

ముందుగా టైర్లు. నా మొదటి చలికాలం మామూలు టైర్లతోనే తొక్కాను. ఒకరోజు మధ్యాహ్నం కాస్త ఎండ కాసి మంచు కరిగింది, సాయంత్రానికి ఆ నీళ్ళు అద్దంలా గడ్డకట్టాయి. మలుపులో సైకిల్ నా కింద నుంచి జారిపోయింది, పడ్డాక గానీ పడుతున్నానని తెలియలేదు. ఎడమ మోచెయ్యి మూడు వారాలు నొప్పి పెట్టింది. ఆ రాత్రే స్టడెడ్ టైర్లు ఆర్డర్ పెట్టాను. రబ్బరులో చిన్నచిన్న టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులుంటాయి, మా ఇంట్లో మేకుల టైర్లంటాం. ధర సైజుని బట్టి ఉంటుంది, మామూలు టైర్ల కన్నా ఎక్కువే పెట్టాలి. జాగ్రత్తగా వాడుకుంటే చాలా చలికాలాలు వస్తాయి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు చక్రానికి వెయ్యండి. వెనక చక్రం జారితే కాలు ఆన్చి నిలబడొచ్చు, ముందుది జారితే పడటమే. కొత్తవి వేసిన మొదటి యాభై కిలోమీటర్లు పొడి తారు మీద నెమ్మదిగా, గట్టిగా బ్రేకులు కొట్టకుండా తొక్కండి. మేకులు రబ్బరులో కుదురుకుంటాయి.

కొత్తవాళ్ళు అందరూ తిరగేసి అనుకునే విషయం ఒకటుంది: మైనస్ 15 కన్నా సున్నా ప్రమాదం. మైనస్ 15లో మంచు పొడిగా, గరుగ్గా ఉంటుంది, టైరుకి పట్టు దొరుకుతుంది. సున్నాకి అటూ ఇటూ ఊగే రోజుల్లో పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, దానిమీద పల్చగా కొత్త మంచు పడి, కింద ఏముందో కనపడకుండా పోతుంది. రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా మైనస్ 9 దాటాక సరిగ్గా పనిచెయ్యదు. కాబట్టి ఫోనులో ఇవాళ్టి చలి ఒక్కటే చూడకండి, నిన్న పగలు ఎంత ఉందో కూడా చూడండి. గడ్డకట్టే వాన పడే రోజు మాత్రం సైకిల్ ముట్టుకోవద్దు. మేకులున్నా సరే, కార్లకి మేకులుండవు. మొదటి పెద్ద మంచు పడ్డ రోజు కూడా నేను తియ్యను. కారు నడిపేవాళ్ళు మంచులో నడపడం మళ్ళీ గుర్తు తెచ్చుకుంటూ ఉంటారు.

దారి ఎంచుకోవడంలో కూడా సగం పని అయిపోతుంది. ఫిన్లాండ్‌లో ఔలు అని ఒక ఊరుంది, ఆర్కిటిక్ వలయానికి దగ్గర్లో. 2013లో చలికాలపు సైక్లింగ్ మహాసభలు మొదలైంది అక్కడే, 2016లో అవి మినియాపొలిస్‌లో జరిగాయి. ఔలులో సైకిల్ దారుల మీద మంచుని పూర్తిగా గీకెయ్యకుండా గట్టిగా తొక్కి చదును చేసి ఉంచుతారు. చిన్నపిల్లలు కూడా దానిమీద బడికి వెళ్తారు. చలి వాళ్ళకి మనకన్నా తక్కువేం కాదు, దారి బాగుంటుంది. మనకి అంత కాకపోయినా మిడ్‌టౌన్ గ్రీన్‌వే ఉంది. పాత రైలు మార్గం మీద వేసిన అయిదున్నర మైళ్ళ దారి. చాలా భాగం వీధి మట్టం కన్నా కిందుగా కందకంలో వెళ్తుంది కాబట్టి గాలి కూడా తక్కువ. మంచు పడ్డ పొద్దున చాలాసార్లు మా వీధికన్నా ముందు దాన్నే శుభ్రం చేసేస్తారు. వేసవిలో మీరు వెళ్ళిన దారినే చలికాలంలోనూ వెళ్ళాలనేం లేదు. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా శుభ్రంగా ఉన్న దారే పట్టండి. చెరువుల మీద గడ్డకట్టిన మంచు మీద అడ్డంగా తొక్కే వీడియోలు చూసి ఉంటారు. ఆ జోలికి మొదటి ఏడు వెళ్ళకండి, చెరువంతా ఒకే మందంలో గడ్డకట్టదు.

బట్టలు. ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడితే కొంచెం చలేయాలి, అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. వెచ్చగా ఉందంటే దారిలో చెమట పడుతుంది, చెమట ఆరేటప్పుడు వణుకు పుడుతుంది. ఒంటికి తగిలే పొర కాటన్ వద్దు, ఉన్ని గానీ సింథటిక్ గానీ. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా ఇల్లు ఎంచుకుంటే చెమటతో ఎదురుగాలిలో ఇంటికి రావలసిన అవస్థ తప్పుతుంది. చేతులకి ఎంత మందం గ్లవ్స్ వేసినా చాలదు. హ్యాండిల్‌కి తొడిగే పెద్ద సంచుల్లాంటివి దొరుకుతాయి, పోగీలంటారు. అవుంటే లోపల పల్చటి గ్లవ్స్ చాలు, బ్రేకు పట్టుకోవడం సులువు. కాళ్ళకి నా పద్ధతి చూసి అందరూ నవ్వుతారు: మేజోడు మీద బ్రెడ్డు కవరు, దానిమీద ఇంకో మేజోడు. గాలి దూరదు.

ముఖం సంగతి జాగ్రత్త. గాలి లేని రోజున కూడా మనం తొక్కే వేగమే గాలి. మైనస్ 15లో గంటకి ఇరవై కిలోమీటర్లు తొక్కితే ముఖానికి సుమారు మైనస్ 24 అన్నట్టుంటుంది. గాలితో కలిపి మైనస్ 28 దగ్గర కప్పుకోని చర్మానికి అరగంటలో ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) రావచ్చు. వాజలీన్ రాసుకుంటే రాదని కొందరు చెప్తారు, నమ్మకండి. గుడ్డ కప్పుకోవడమే మార్గం. వేళ్ళు గానీ ముక్కు గానీ నొప్పి పెడుతున్నంతసేపు పరవాలేదు. నొప్పి పోయి మొద్దుబారితే, తెల్లగా పాలిపోతే, వెంటనే దగ్గర్లో ఏ తలుపు కనపడితే ఆ తలుపు లోపలికి వెళ్ళిపోండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఇది మొదలుపెట్టొద్దు. చల్లగాలి ఊపిరితిత్తుల్ని బిగబట్టేస్తుంది.

సైకిల్ కూడా చలికి మొండికేస్తుంది. ఒక జనవరిలో మైనస్ 27 ఉంది, గాలి అసలు లేదు. లెక్కలోకి రాదని తెలిసి కూడా వెళ్ళాను. నా నియమం నేనే తప్పాను, ఒప్పుకుంటున్నాను. దారి మధ్యలో ఉన్నట్టుండి పెడల్ ఉత్తినే తిరగడం మొదలెట్టింది. గొలుసు తెగలేదు, ఊడలేదు, చక్రం మాత్రం కదలదు. వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ లోపల చిన్న పళ్ళలాంటివుంటాయి, మనం తొక్కినప్పుడు స్ప్రింగు వాటిని లేపి పట్టుకునేలా చేస్తుంది. చిక్కటి గ్రీజు చలికి మైనంలా బిగుసుకుపోతే అవి లేవవు. రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ కరీంనగర్ వాళ్ళింటికి చేరాను. వాళ్ళ హాల్లో హీటరు పక్కన చక్రం పెట్టి చాయ్ తాగేలోపు ఏమీ ఎరగనట్టు పనిచేసింది. తర్వాతి ఏడు ఆ గ్రీజంతా కడిగించి పల్చటి నూనె వేయించాను. మీ షాపులో చలికాలానికి ముందు ఇది ఒక్కటీ అడిగి చేయించుకోండి.

ఇంకో రెండు మాటలు వేగంగా. ఇంట్లో గాలి కొట్టి బయటికి తీసుకెళ్తే టైరు మెత్తబడుతుంది. వెచ్చటి గదిలో 40 పీఎస్ఐ కొడితే మైనస్ 20లో అది 33 దగ్గరికి దిగుతుంది, పంక్చరనుకుని కంగారు పడొద్దు. మంచుతో తడిసిన సైకిల్‌ని వెచ్చటి ఇంట్లోకి తెచ్చి, అది కరిగిన నీళ్ళు ఆరకముందే మళ్ళీ బయటికి తీస్తే గేరు కేబుళ్ళ లోపల గడ్డకడుతుంది. అయితే పూర్తిగా ఆరనివ్వండి, లేదా గరాజులో చల్లగానే ఉంచెయ్యండి. ఉప్పుకి గొలుసు వారంలో తుప్పు పడుతుంది, ఇంటికి రాగానే గుడ్డతో తుడిచి నాలుగు చుక్కల నూనె. ఫోను లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా. లైటు బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి, నాలుగున్నరకే చీకటి కాబట్టి ఇంకో జత ఉండాలి.

ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే ఊరి నుంచి మొదలయ్యే ఆరోహెడ్ 135 అనే పందెం గురించి మీరు వినే ఉంటారు. జనవరి ఆఖర్లో, 135 మైళ్ళు, అడవిలో. వాళ్ళది వేరే జాతి. వాళ్ళ వీడియోలు చూసి "నేనింతేనా" అనుకోకండి. మూడు కిలోమీటర్లు వెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చుకునేవాళ్ళ మాట వేరు. ధనుర్మాసం అయ్యాక కూడా ఏదో ఒకటి కావాలనిపిస్తే ఫిబ్రవరి రెండో శుక్రవారం చాలా ఊళ్ళలో సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళే రోజు జరుపుతారు. అప్పటికి మీకు అలవాటైపోయి ఉంటుంది.

ఒక హెచ్చరిక, ఇది సైకిల్ గురించి కాదు. మొదటి ఏడాది పన్నెండిళ్ళ బియ్యం కలిపి ఒకే గిన్నెలో వండాను. ఏడిళ్ళు సోనామసూరి, మూడిళ్ళు బాస్మతి, ఒక ఇల్లు బ్రౌన్ రైస్, ఇంకో ఇంటి కుర్రాడు డైటింగ్‌లో ఉన్నానని గుప్పెడు క్వినోవా వేశాడు. బాస్మతి జావైంది, బ్రౌన్ రైస్ పళ్ళకింద పలికింది, క్వినోవా బెల్లం పాకంలో పురుగుల్లా తేలింది. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు, ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఇప్పుడు మాత్రం సోనామసూరి తప్ప ఇంకేదీ తీసుకోం.

ట్రైనర్ అమ్మకండి. గాలితో కలిపి మైనస్ 30కి దిగే రోజులు చాలా ఏళ్ళలో కొన్నైనా వస్తాయి, అప్పుడు అరగంట తొక్కుకోవచ్చు. మిగతా రోజుల్లో తడిసిన గ్లవ్స్, మేజోళ్ళు ఆరేసుకోవడానికి అంతకన్నా మంచి దండెం దొరకదు. మా ఇంట్లో ఉన్నది ఆరేళ్ళుగా ఆ పనే చేస్తోంది. మేకుల టైర్లు మాత్రం ఈ వారమే ఆర్డర్ పెట్టండి, డిసెంబరుకి చాలా సైజులు అయిపోతాయి. మీరుండేది ఊరికి ఏ వైపో రాయండి. దక్షిణం వైపు అయితే 16వ తారీఖున మొదటి గడప మాదే వేసుకోండి. మా ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి పద్ధెనిమిదేళ్ళు, తొమ్మిదింటికి ముందు లేవడు. ఆ తర్వాత రండి.